అమృతాంజనం సీసా వెనుక మహనీయుడు – విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

మా వసతి గృహంలో పరీక్షల కాలం వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండరు చూడనక్కరలేదు. రాత్రి పది దాటిన తరువాత హాలులో అమృతాంజనం వాసన వస్తే చాలు. ట్రంకుపెట్టెలో సబ్బు, కొబ్బరినూనె సీసా, వాటి పక్కన ఆ చిన్న పసుపుపచ్చ మందు సీసా లేని విద్యార్థి మాలో అరుదు. సెలవులు అయిపోయి ఊరి నుండి బయలుదేరేటప్పుడు అమ్మో అవ్వో చేతిలో పెట్టి పంపిన సీసా అది. తలనొప్పికీ అదే, జలుబుకూ అదే. కొత్తగా చేరిన ఐదో తరగతి తమ్ముళ్ళకు ఇంటి మీద బెంగ పుడితే, నుదుట కాస్త రాసి పడుకోబెట్టేదీ అదే.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసే పని వార్డెన్ సార్ మా పదో తరగతి వాళ్ళకు అప్పగించారు. డాక్టర్ అంబేద్కర్, మహాత్మా పూలే, బాబూ జగ్జీవన్ రామ్ గార్ల గురించి మా అన్నలు పాత సంచికల్లో రాసే ఉన్నారు. ఎవరి గురించి రాద్దామా అని రాత్రి కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే, మాలో ఒకడు సీసా చేతిలోకి తీసుకుని దీన్ని తయారు చేసింది ఒక తెలుగువాడేనని చెప్పాడు. అక్కడ మొదలైంది మా వెతుకులాట. ఆ సీసా వెనుక ఒక వ్యాపారి కనిపించాడు. ఆ వ్యాపారి వెనుక ఒక పత్రిక, ఆ పత్రిక వెనుక స్వాతంత్ర్యోద్యమం కనిపించాయి. చిట్టచివరికి మద్రాసులో ఒక ఇల్లు కనిపించింది. ఆ ఇంట్లో మన రాయలసీమ గురించి ఒక కాగితం రాసుకున్నారు. ఆ కాగితం దాకా మిమ్మల్ని తీసుకుపోవాలని మా ఆశ.

బాల్యం – విద్య

కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్య గారు, తల్లి శ్యామలాంబ గారు. స్వగ్రామంలోనూ, మచిలీపట్నంలోనూ చదువుకుని, పై చదువుకు మద్రాసు వెళ్ళారు. 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాల నుండి పట్టం పుచ్చుకున్నారు. ఆ కళాశాల ప్రిన్సిపాలు విలియం మిల్లర్ గారి ప్రభావం, కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని పత్రికలోని రచనల ప్రభావం ఆయన మీద బాగా పడ్డాయి. ఒకరు చదువు చెప్పినవారు, మరొకరు సంఘాన్ని మార్చాలని కలం పట్టినవారు. ఈ ఇద్దరి జాడలూ ఆయన తరువాతి జీవితంలో మనకు కనిపిస్తాయి.

ఆ రోజుల్లో పట్టభద్రుడైన తెలుగు యువకుని ముందు ఒక తిన్నని బాట ఉండేది. సర్కారు కొలువు, లేకపోతే వకీలు పని. నాగేశ్వరరావు గారు ఆ రెండూ కాదనుకున్నారు. వ్యాపారం నేర్చుకోవాలని మద్రాసులో కొంతకాలం, కలకత్తాలో కొంతకాలం ఉండి, చివరకు బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగంలో చేరారు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. మా ఊళ్ళ నుండి పని కోసం బెంగుళూరు, చెన్నై పోయిన మా అన్నల సంగతి మాకు తెలుసు కాబట్టి, ఆ మొదటి రోజులు ఎలా ఉండి ఉంటాయో మేము ఊహించుకోగలం.

అమృతాంజనం పుట్టుక

ఇతరుల కొట్లో పనిచేస్తూనే వ్యాపారం లోతుపాతులు నేర్చుకుని, 1893లో బొంబాయిలో ఆయన సొంతంగా అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కర్పూరం, మెంథాల్ వంటి వాటితో చేసిన పైపూత మందు అది. ఆ కాలంలో ఇటువంటి మందులు సీమ నుండి ఓడల్లో దిగేవి. వాటి ధర సామాన్యునికి అందేది కాదు. మన దేశంలోనే, మన వాళ్ళ చేతనే తయారుచేయించి, తక్కువ ధరకు అమ్మాలన్నది ఆయన ఉద్దేశం. స్వదేశీ అనే మాట ఊరూరా మోగడానికి పుష్కరకాలం ముందే ఆయన ఆ పని చేసి చూపించారు.

అయితే కొత్త మందును ఎవరు కొంటారు? ఇక్కడే ఆయన తెలివి చూడండి. సంగీత కచేరీలు జరిగే చోట్ల, పదిమంది చేరే సభల దగ్గర అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. రాసుకున్నవాడికి గుణం కనిపించింది. వాడు ఇంకొకడికి చెప్పాడు. ఎంత గొప్ప ప్రకటన అయినా పక్కింటావిడ మాటకు సాటి రాదు కదా! సీసా చిన్నది, దాని మీద మిగిలేదీ చిన్న మొత్తమే. కానీ ఇంటింటికీ చేరడంతో ఆ చిన్న మొత్తాలే కలిసి పెద్ద సంపద అయ్యాయి. ఆయన జీవిత చివరి భాగంలో, 1936లో, ఈ వ్యాపారం అమృతాంజన్ లిమిటెడ్ అనే కంపెనీగా రూపొందింది. అది చెన్నై కేంద్రంగా నేటికీ నడుస్తున్నది.

ఇంతవరకే అయితే ఆయన ఒక విజయవంతమైన వ్యాపారి. అలాంటివారు ఎందరో ఉన్నారు. ఆ డబ్బుతో ఆయన ఏమి చేశారన్నదే మేము చెప్పదలచిన కథ.

ఆంధ్రపత్రిక

1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు నాగేశ్వరరావు గారు వెళ్ళారు. మితవాదులూ అతివాదులూ విడిపోయిన సభ అది. దేశమంతా ఏదో జరుగుతూ ఉంటే, ఆ సంగతులు తెలుగువారికి తెలుగులో చెప్పేవారు తక్కువగా ఉన్నారని ఆయనకు అనిపించింది. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అదే సంవత్సరం జూలైలో, అదే బొంబాయిలో, కేసరి పత్రికలో రాసిన వ్యాసాలకు గాను లోకమాన్య తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడింది. బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానేశారు. పత్రిక నడపడం అంటే ఎంత ప్రమాదమో కళ్ళ ముందు కనిపిస్తున్న రోజుల్లో ఒక మందుల వ్యాపారి పత్రిక పెట్టాడని మనం గుర్తుంచుకోవాలి.

తెలుగు పత్రిక తెలుగువారి దగ్గరే ఉండాలి కాబట్టి 1914లో దాన్ని మద్రాసుకు మార్చి, దినపత్రికగా చేశారు. అప్పటికి మన ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో భాగం. బొంబాయినీ మద్రాసునూ కలిపే రైలుమార్గం మన రేణిగుంట మీదుగానే పోతుంది. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ వార్తల కోసం జనం ఎదురుచూడసాగారు. చదువు వచ్చిన ఒకడు అరుగు మీద కూర్చుని చదువుతూ ఉంటే, చదువు రాని పదిమంది చుట్టూ చేరి వినేవారు. ఒక ప్రతి కొంటే ఒక వీధి వినేదన్నమాట.

సంవత్సరాదికి ప్రత్యేక సంచికలు తెచ్చారు. చరిత్ర, శాస్త్రం, చిత్రలేఖనం, శాసనాలు, కవిత్వం, ఇలా అన్ని విషయాల మీదా పండితులు వాటిలో రాశారు. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రికను స్థాపించారు. భారతిలో పేరు అచ్చయితే చాలు కవి అయినట్టేనని ఆనాటి యువకులు భావించేవారట. ఈ పత్రికల్లో వచ్చిన నష్టాలను అమృతాంజనం లాభాలు పూడ్చేవి. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగువారి తలల్లోకి అక్షరాలుగా తిరిగి చేరింది.

ఆయన తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికలను నడిపారు. ఎనభై ఏళ్ళకు పైగా సాగిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. భారతి కూడా ఆ కాలంలోనే ఆగింది.

పుస్తకాల ధర్మం

1926లో ఆయన ఆంధ్ర గ్రంథమాల అనే ప్రచురణ సంస్థను ఏర్పాటు చేశారు. మంచి పుస్తకాలను సరసమైన వెలకు అందించడం దాని పని. అది ప్రచురించిన వాటిలో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఒకటి. ఆ గ్రంథాన్ని పరిష్కరించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. ఆయన తరువాతి కాలంలో మన తిరుపతిలో పనిచేసి, 1950లో ఇక్కడే కన్నుమూశారు.

బసవపురాణం గురించి మా తెలుగు మాస్టారు చెప్పగా విన్నాం. చాకలి వృత్తివాడైన మడివాలు మాచయ్య, చెప్పులు కుట్టే కులంలో పుట్టిన మాదర చెన్నయ్య, అడవిలో వేటాడే కన్నప్ప, వీళ్ళంతా ఆ కావ్యంలో పెద్దలు. కన్నప్ప అంటే మన శ్రీకాళహస్తి కన్నప్పే. శివరాత్రికి కాళహస్తి పోయినప్పుడు మనం కొండ మీద చూసే కన్నప్ప గుడి ఆయనదే. ఎన్నో వందల ఏళ్ళ కింద దేశి ఛందస్సులో, జానుతెనుగులో రాసిన ఈ కథలు అచ్చులో చౌకగా దొరికేలా చేయడం చిన్న సంగతి కాదు. మా అవ్వతాతలకు బడి గడప తొక్కే వీలు లేని కాలంలో, వాళ్ళవంటి మనుషులు నాయకులుగా ఉన్న పుస్తకం ఒకటి అచ్చయి బజారుకు వచ్చింది. చదవడానికి మేము రావడానికి ఇంత కాలం పట్టింది.

కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకుని, పని పూర్తి కాకముందే 1923లో మరణించారు. ఆ భారాన్ని కూడా పంతులు గారు తలకెత్తుకుని, సంపుటాలను తిరిగి అచ్చు వేయించారు. పంతులు గారు కూడా అది పూర్తి చేయకుండానే వెళ్ళిపోయారు. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకోవడమే ఇటువంటి పనుల పద్ధతి కాబోలు. గ్రంథాలయోద్యమానికి ఆయన చేసిన సాయం కూడా చాలా పెద్దది. ఊళ్ళలో వెలసిన గ్రంథాలయాలకు డబ్బు, పుస్తకాలు, పత్రికలు అందించారు.

ప్రపంచంలో ఇటువంటి పని చేసినవారిలో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ పేరు ముందు చెబుతారు. ఆయన 1901లో తన కంపెనీని అమ్మేసి, మిగిలిన జీవితమంతా దానాలు చేశాడు. ఆయన డబ్బుతో లోకంలో 2,500కు పైగా గ్రంథాలయాలు లేచాయి. ఆ సంపదతో పోలిస్తే మన పంతులు గారిది ఎంత? అయినా ఒక తేడా ఉంది. కార్నెగీ తన దానాలలో ఎక్కువ భాగం సంపాదన ముగించాకే చేశాడు. పంతులు గారు ఒక చేత్తో సంపాదిస్తూనే రెండో చేత్తో ఇస్తూ పోయారు.

జైలు – బిరుదులు

గాంధీ మహాత్ముని నాయకత్వంలో పంతులు గారు కాంగ్రెసులో ముఖ్యమైన బాధ్యతలు వహించారు. 1920, 30 దశకాల్లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, అరవై ఏళ్ళు దాటిన వయసులో, జైలుకు వెళ్ళారు. కోరుకుంటే మేడలో కూర్చుని చందా పంపి ఊరుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. జైలులో ఉన్న కాలాన్ని వృథా చేయకుండా భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు.

అడిగినవారికి లేదనడం ఆయనకు తెలియదని ఆయనను ఎరిగినవారంతా చెప్పారు. ఫీజు కట్టలేని విద్యార్థి, పుస్తకం అచ్చు వేసుకోలేని కవి, నడవలేకపోతున్న సంస్థ, ఇలా ఎందరో ఆయన గడప తొక్కారు. గాంధీజీ ఆయనను విశ్వదాత అన్నారు. ఆంధ్ర ప్రజలు దేశోద్ధారకుడని పిలుచుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

శ్రీబాగ్ ఇల్లు

ఇక మేము మొదట చెప్పిన ఇంటి దగ్గరకు వద్దాం.

మద్రాసు మైలాపూరులో పంతులు గారి ఇంటి పేరు శ్రీబాగ్. తెలుగు నాయకులు మద్రాసు వస్తే ఆ ఇంటి తలుపు తట్టేవారు. ఆ కాలంలో ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం సాగుతూ ఉంది. అయితే ఆ రాష్ట్రం వస్తే తమ గతి ఏమిటని సీమ నాయకులకు భయం పట్టుకుంది. ఆ భయానికి కారణం ఉంది. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, కృష్ణ మీద బెజవాడ దగ్గర 1850ల్లోనే ఆనకట్టలు కట్టడంతో కోస్తా జిల్లాలు పచ్చబడ్డాయి. పంటతో డబ్బు, డబ్బుతో చదువు, చదువుతో ఉద్యోగాలు వచ్చాయి. మన వైపు చూస్తే వానను నమ్ముకున్న చేను, ఎండిన చెరువు, నెత్తిన కరువు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా సీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండిపోయాయి. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకున్నాక, సీమ గొంతు వేరుగా వినిపించసాగింది. 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లా కూడా ఆ సీమలో భాగమే.

1937లో బెజవాడలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవానికి కడప కోటిరెడ్డి గారు అధ్యక్షత వహించారు. రెండు ప్రాంతాల మధ్య అనుమానాలు తీర్చుకోవడానికి ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం కూర్చోవడానికి పంతులు గారు తన ఇంటి తలుపులు తెరిచారు. సీమ వైపు నుండి కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు, కోస్తా వైపు నుండి భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు కూర్చున్నారు. 1937 నవంబరు 16న ఒక ఒప్పందానికి వచ్చి సంతకాలు చేశారు. ఇంటి పేరే దానికి స్థిరపడింది. అదే శ్రీబాగ్ ఒడంబడిక.

అందులో ఏముంది? విశ్వవిద్యాలయానికి రెండు కేంద్రాలు ఉండాలి, వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో రాయలసీమకు, నెల్లూరుకు పదేళ్ళ పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. శాసనసభ స్థానాలు జిల్లాలకు సమానంగా ఉండాలి. రాజధాని, హైకోర్టు ఒకే చోట పెట్టకుండా కోస్తాకు ఒకటి, సీమకు ఒకటి రావాలి. రెంటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు ముందుగా సీమదే.

ఈ విషయాలు చదివినప్పుడు మేము కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే పంతులు గారు పుట్టింది కృష్ణా జిల్లాలో. నీళ్ళున్న వైపు మనిషి. నీళ్ళు లేని వైపు వాళ్ళ మాట వినడానికి ఆయన తన ఇంట్లో చాప పరిచారు.

ఆ కాగితం ఏమైంది?

కొంత ఫలించింది. పొట్టి శ్రీరాములు గారి ఆత్మబలిదానం తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, సీమలోని కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. ఒడంబడికలో పేరున్నది అనంతపురానికి, వచ్చింది తిరుపతికి. అయినా సీమకు ఒక విశ్వవిద్యాలయం అన్న మాట నిలబడింది. మా హాస్టలు నుండి వెళ్ళి అక్కడ పీజీ చేసిన అన్నలు ప్రతి వార్షికోత్సవానికీ వస్తారు. వాళ్ళు నడిచిన ఆ చెట్ల దారుల వెనుక శ్రీబాగ్‌లో రాసుకున్న ఒక వాక్యం ఉందని మాకు ఇప్పుడే తెలిసింది.

కొంత నిలవలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు పోయింది. హైకోర్టూ అక్కడికే పోయింది. నీళ్ళ మాట మరీ ఆలస్యమైంది. హంద్రీ–నీవా, గాలేరు–నగరి అన్న పేర్లు మా తాతలూ విన్నారు, మా నాయనలూ విన్నారు. పదేళ్ళ ప్రాధాన్యం అని 1937లో రాసుకున్నది తరాల ఎదురుచూపు అయింది.

ఆ ఫలితాలేవీ చూడడానికి పంతులు గారు లేరు. ఒడంబడిక జరిగిన ఐదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న, మద్రాసులో పరమపదించారు. ఏప్రిల్ 11 అంటే మనం ఏటా హాస్టలులో జరుపుకునే మహాత్మా పూలే జయంతి రోజు. ఇకపై ఆ రోజు పూలే గారి పటానికి దండ వేసేటప్పుడు ఈ తెలుగు దాతను కూడా ఒక్కసారి తలుచుకోవాలని మేము అనుకున్నాం. మైలాపూరులో లజ్ దగ్గర ఆయన పేరు మీద నాగేశ్వరరావు పార్కు ఉంది. చెన్నైకి పోయే మిత్రులు చూసి రావచ్చు.

మేము నేర్చుకున్నది

ఈ జీవితం చదివిన తరువాత మాలో ఒక వాదన జరిగింది. దానం గొప్పదా, హక్కు గొప్పదా అని. మేము తినే అన్నం, పడుకునే చాప, వేసుకునే యూనిఫారం ఎవరో పెట్టిన భిక్ష అని బయట కొందరు అనుకుంటారు. బడిలో కూడా ఆ మాట మా చెవిన పడిన రోజులున్నాయి. అది భిక్ష కాదు. బలహీన వర్గాల విద్యను ప్రత్యేక శ్రద్ధతో చూడాలని రాజ్యాంగంలోని 46వ అధికరణం ప్రభుత్వానికి చెబుతున్నది. రాసిపెట్టిన మాట కాబట్టి తల ఎత్తుకుని అడగవచ్చు. దాత మంచివాడైతే ఇస్తాడు, కాకపోతే లేదు. రాసుకున్న మాట అలా కాదు.

విశ్వదాత అనిపించుకున్న మనిషికి ఈ తేడా తెలుసునని మాకు అనిపిస్తుంది. జీవితమంతా చేతితో ఇచ్చిన ఆయన, చివరి సంవత్సరంలో తన ఇంట్లో జరిపించింది దానం కాదు, ఒప్పందం. కరువు సీమకు ఒక సంచి డబ్బు పంపి ఊరుకోవచ్చు. దానికి బదులు సీమ వాళ్ళు అడగగలిగే మాటను కాగితం మీద పెట్టడానికి చోటు ఇచ్చారు. అయితే కాగితం తనంతట తాను నడవదని కూడా ఆ ఒడంబడిక చరిత్రే చెబుతున్నది. దాన్ని చదివేవాళ్ళు, గుర్తుపెట్టుకునేవాళ్ళు, అడిగేవాళ్ళు ఉన్నంత మేరకే అది నడిచింది. చదువు లేకపోతే చదివేదెవరు, అడిగేదెవరు? పత్రిక, పుస్తకం, గ్రంథాలయం అంటూ ఆయన జీవితమంతా ఎందుకు పరుగెత్తారో ఇక్కడ అర్థమవుతుంది.

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాం. మన హాస్టలు వరండా చివర ఒక ఇనుప బీరువా ఉంది. దాని నిండా పుస్తకాలున్నాయి. పాడవుతాయని చాలా కాలంగా తాళం వేసే ఉంచారు. ఈ వ్యాసం కోసం తాళం తీయించినప్పుడు చూస్తే, పైన దుమ్ము, లోపల అట్ట కూడా నలగని పుస్తకాలు. చదవక చెడిపోయేదే తప్ప చదివి చెడిపోయిన పుస్తకం వాటిలో ఒక్కటీ లేదు. మేము వార్డెన్ సార్‌ను అడిగాం. ఆదివారం, బుధవారం సాయంత్రం ఒక గంట బీరువా తెరిచి ఉంచడానికి ఆయన ఒప్పుకున్నారు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసే నోటుబుక్కు బాధ్యత తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకు అప్పగించాం. పదో తరగతి పూర్తి చేసి వెళ్ళే మేమంతా మా గైడ్లు, నోట్సులు, చదివిన కథల పుస్తకాలు అందులోనే పెట్టి వెళ్తాం. వచ్చే ఏడు వెళ్ళేవాళ్ళూ అలాగే చేయాలని నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, అందరం సంతకాలు పెట్టాం. అది మా చిన్న ఒడంబడిక.

తమ్ముళ్ళారా! మేము పరీక్షలు రాసి వెళ్ళిపోతాం. ఆ తాళం మళ్ళీ పడకుండా చూసుకునే బాధ్యత మీది. రాత్రి తల పట్టుకుని చదివేటప్పుడు ఆ పసుపుపచ్చ సీసా మూత తీస్తే, దాని వెనుక ఉన్న మనిషిని తలుచుకోండి. తలుచుకుని, మూత పెట్టి, మళ్ళీ పుస్తకం తెరవండి.